చిన్న వేదిక మీద గోతిక్ సంగీత నాటకం వేయాలంటే?

తెరచాటు

మాది ఔత్సాహిక నాటక సమాజం. పగలంతా ఎవరి ఉద్యోగాలు వాళ్లవి, సాయంత్రమైతే రిహార్సల్. ఇంతకాలం సాంఘిక నాటకాలు, హాస్య నాటికలతో నెట్టుకొచ్చాం. ఈసారి అందరికీ గోతిక్ పూనకం పట్టింది. పాడుబడ్డ కోట, ముసుగు మనిషి, తాళం వేసిన గది, వీటన్నిటి మధ్య పాటలు. దర్శకత్వం నా నెత్తిన పడింది.

హాలు సంగతి ముందే చెప్పుకుంటాను. వేదిక వెడల్పు ఫర్వాలేదు గానీ లోతు తక్కువ. పైనుంచి తెరలు దించే ఏర్పాటు లేదు. కుడిపక్క వింగ్, అంటే ప్రేక్షకులకు కనబడని పక్కజాగా, ఉంది, ఎడమపక్క నేరుగా గోడ. నేలలో తలుపు లేదు. వేదిక ముందు నడుములోతు గుంట ఒకటి ఉంది, అందులో అయిదారుగురు వాద్యకారులు ఇరుక్కుని కూర్చోవచ్చు. పాడగలిగేవాళ్లు మాకు బాగానే ఉన్నారు, నటించగలిగేవాళ్లూ ఉన్నారు. రెండూ చేయగలిగేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాలి.

ఏ నాటకం ఎంచుకోమంటారు? పెద్ద దీపగుచ్ఛం కూలడం, పొగమంచులో పడవ తేలిరావడం లాంటి హంగులు లేకపోతే జనం నిరాశపడతారా? అన్నిటికన్నా నాకు నిద్రపట్టనివ్వని ప్రశ్న మరొకటుంది. భయపడాల్సిన చోట హాలంతా పకపకా నవ్వితే?

ప్రాంప్టరు

నాటకం ఖాయం చేసే ముందే హక్కుల సంగతి తేల్చుకోండి. పోస్టర్లు అచ్చయ్యాక లేదన్నారంటే తల ఎక్కడ పెట్టుకోవాలి?

ఈ కథల్లో ఒక చిక్కుంది. కథ అందరిదీ అయినా పాటలు అందరివీ కావు. ఒపెరా హౌస్ భూతం కథనే, అదే 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా', తీసుకోండి. గాస్టన్ లెరూ రాసిన ఆ నవల 1909-10లో ధారావాహికగా వచ్చింది. దాని మీద ఆండ్రూ లాయిడ్ వెబర్ చేసిన సంగీత నాటకం 1986లో లండన్‌లో మొదలైంది. అంతకుముందే కెన్ హిల్ అదే కథను పాటలతో రంగస్థలం ఎక్కించాడు. మౌరీ యెస్టన్, ఆర్థర్ కోపిట్ కలిసి చేసినది 1991లో హ్యూస్టన్‌లో వచ్చింది. పేర్లు ఇంచుమించు ఒకటే, హక్కులు మాత్రం దేనివి దానికే. ఒకదానికి అనుమతి తీసుకుని ఇంకోదాంట్లో పాట ఇరికించడం కుదరదు.

'స్వీనీ టాడ్' (గొంతులు కోసే మంగలి కథ), 'జెకిల్ అండ్ హైడ్' (మందు తాగి దుర్మార్గుడైన హైడ్‌గా మారే డాక్టరు జెకిల్ కథ) రెండూ ఔత్సాహిక బృందాలకు ప్రదర్శన హక్కులిచ్చే మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్ సంస్థ ద్వారా దొరుకుతాయి. అనువాదం చేసి ఆడాలంటే దానికి విడిగా అడగాలి. ఒక పాట తీసేయాలన్నా, మగ పాత్రను ఆడ పాత్రగా మార్చాలన్నా అంతే. 'చిన్న ఊళ్లో ఎవరు చూస్తారులే' అనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. వీడియో తీసి పెట్టేవాళ్లు మీ ప్రేక్షకుల్లోనే ఉంటారు.

చిత్తుప్రతి

ఆ తలనొప్పంతా ఎందుకు, సొంతంగా రాసుకోండి. ప్రయోగశాలలో ఒక జీవికి ప్రాణం పోసినవాడి కథ, మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టయిన్', 1818 నాటిది. స్టీవెన్‌సన్ జెకిల్ కథ 1886, బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' 1897. మూడింటికీ కాపీరైటు గడువు ఎప్పుడో తీరిపోయింది. సినిమాలు తెచ్చిపెట్టిన వేషాలకు మాత్రం దూరంగా ఉండండి. చదునైన తల, మెడలో బోల్టులు సినిమా మేకప్ సృష్టే గాని నవలలో ఎక్కడా లేవు.

ఫ్రాంకెన్‌స్టయిన్ కథలో పాటలేమిటని మీ బృందంలో ఎవరైనా మూతి విరిస్తే ఈ సంగతి చెప్పండి. నవల వచ్చిన అయిదేళ్లకే, 1823లో, లండన్ ఇంగ్లిష్ ఒపెరా హౌస్‌లో రిచర్డ్ బ్రిన్‌స్లీ పీక్ దాన్ని పాటలతో సహా నాటకంగా వేశాడు. మేరీ షెల్లీ స్వయంగా వెళ్లి చూసింది. అందులో ప్రాణం పోసే ఘట్టం ప్రేక్షకుల కంట పడదు. ప్రయోగశాల ఒక తలుపు వెనక ఉంటుంది. నౌకరు కిటికీలోంచి తొంగి చూస్తాడు. లోపల నీలి వెలుగు, యజమాని కేక. కాసేపటికి ఆ జీవి తలుపు బద్దలుకొట్టుకుని బయటికొస్తుంది. నాటకం మొత్తం మీద అది నోరు విప్పి మాట్లాడదు. పాత్రల పట్టికలో దాని పేరు ఉండాల్సిన చోట గీత గీసి వదిలేశారు.

యంత్రాలు లేక చేసిన పని కాదిది. మూడేళ్ల ముందు, 1820లో, అదే థియేటరులో రక్తపిశాచం నాటకం కోసం నటుడు ఉన్నట్టుండి మాయమైపోయే స్ప్రింగు తలుపు కట్టారు. ఆ తలుపు రకానికి పిశాచం పేరే స్థిరపడింది కూడా. అంత పనితనం చేతిలో ఉండి కూడా ప్రయోగశాలను దాచారంటే, దాస్తేనే భయం ఎక్కువని వాళ్లకు తెలుసు. తెరచాటు గారూ, మీకు కావలసింది ఒక తలుపు, దాని వెనక ఒక దీపం. మిగతాది నౌకరు ముఖం చూసుకుంటుంది.

ముందువరుస

ఇక్కడ నాటకాలు వేసేవాళ్లే తప్ప చూసేవాళ్లెవరూ మాట్లాడటం లేదు కనుక నేను మాట్లాడతాను. టిక్కెట్టు కొని వచ్చిన మనిషికి ఏదో ఒకటి కళ్లారా చూపించాలి. 'చూపించకపోవడమే కళ' అనే మాట చాలాసార్లు చేతగానితనం మీద కప్పే పట్టుశాలువా. లాయిడ్ వెబర్ నాటకం న్యూయార్క్‌లో 1988 నుంచి 2023 ఏప్రిల్ 16 దాకా 13,981 ప్రదర్శనలు ఆడింది. అన్నేళ్లూ జనం తలెత్తి చూసింది అందులో కూలే దీపగుచ్ఛం వైపే. మూసిన తలుపు చూడటానికి ఎవరు వస్తారు?

చిత్తుప్రతి

ముందువరుస గారూ, ఒకే నాటకాన్ని రెండు రకాలుగా వేసి రెండుసార్లూ గెలిచిన ఉదాహరణ ఉంది. 1979లో 'స్వీనీ టాడ్' న్యూయార్క్ నాటకశాలల ప్రాంతం బ్రాడ్‌వేలో మొదటిసారి వచ్చినప్పుడు రంగాలంకరణ చేసిన యూజీన్ లీ, రోడ్ ఐలండ్‌లో మూతపడిన ఇనుప ఫౌండ్రీ భాగాలను పట్టుకొచ్చి వేదికంతా నింపేశాడు. 2005లో జాన్ డాయిల్ అదే నాటకాన్ని పదిమంది నటులతో వేశాడు. వాద్యబృందం విడిగా లేదు, నటులే వాయించారు. గొంతు కోసిన ప్రతిసారీ ఒక కీచు ఈల, ఎర్రటి వెలుగు, ఒక బకెట్టులోంచి ఇంకో బకెట్టులోకి నెత్తురు పోయడం. చచ్చిన పాత్ర నెత్తుటి మరకల తెల్లకోటు తొడుక్కుని మళ్లీ తన వాద్యం దగ్గరికి వెళ్లిపోతుంది. మరుసటి ఏడాది సంగీత నాటక దర్శకత్వానికి బ్రాడ్‌వే వాళ్ల టోనీ అవార్డు ఆయనకే వచ్చింది.

ముందువరుస

బాగుంది. బకెట్టులో నెత్తురు పోయడం కూడా కళ్లారా చూపించడమే కదా? నేనన్నదీ అదే. పైగా ఆ పదిమందీ నటించగలరు, పాడగలరు, వాయించగలరు. తెరచాటు గారి బృందంలో రెండు పనులు చేసేవాళ్లకే కరువట. తక్కువ హంగులతో వేయడం తేలిక అనుకుంటే మునిగినట్టే. సెట్టు లేనప్పుడు బరువంతా నటుడి మీద పడుతుంది.

తెరచాటు

ఆ చివరి వాక్యం గోడ మీద రాసి పెట్టుకుంటాను. నిజంగానే.

నీలికాంతి

రంగోద్దీపనం వైపు నుంచి నా మాట. కళ్లు చెదిరేది ఒక్కటైనా ఉండాలన్న ముందువరుస గారి పట్టుదల సరైనదే. అయితే అది టన్నుల బరువుది కానక్కర్లేదు.

జెకిల్ కథ వేస్తే మీ దగ్గర ఉన్న లైట్లతోనే జనం నోరు వెళ్లబెట్టేట్టు చేయవచ్చు. 1931 నాటి జెకిల్ సినిమాలో దర్శకుడు రూబెన్ మమౌలియన్, ఛాయాగ్రాహకుడు కార్ల్ స్ట్రస్ వాడిన పద్ధతి ఇది. నటుడి ముఖం మీద ఎర్ర రంగుతో ముడతలు, కళ్లకింద గుంటలు గీస్తారు. ఎర్రటి వెలుగులో ఆ గీతలు కనపడవు, చర్మంలో కలిసిపోతాయి. ఎర్ర వెలుగు తగ్గించి ఆకుపచ్చ, నీలం పెంచుతూ పోతే అవే గీతలు నల్లగా పైకి తేలతాయి. కెమెరా కట్ లేకుండా, ముఖాన్ని ఎవరూ తాకకుండా మనిషి మారిపోతాడు. అప్పట్లో కెమెరా ముందు ఫిల్టర్లు జరిపారు, సినిమా నలుపు తెలుపు కనుక వెలుగు రంగు మారడం ఎవరికీ తెలియలేదు. వేదిక మీద వెలుగు రంగు మారడం అందరికీ తెలుస్తుంది. ఫర్వాలేదు, అదీ కథలో భాగమే అవుతుంది. ప్రయోగశాలలో రంగు వెలుగు ఎందుకని ఎవరూ అడగరు.

చేయాల్సిన పని మాత్రం జాగ్రత్తగా చేయాలి. ఏ ఎరుపు ఏ చర్మపు రంగు మీద కలిసిపోతుందో ఆ నటుడి ముఖం మీదే, ఆ లైటు కిందే చూసుకోవాలి. గ్రీన్‌రూము అద్దం ముందు చూసి తృప్తిపడితే వేదిక మీద గీతలు ముందే బయటపడతాయి. ఈ మార్పు జరిగే ఘట్టంలో ఎక్కడి నుంచీ తెల్లటి వెలుగు ముఖం మీద పడకూడదు. వాద్యకారుల స్టాండు దీపం కూడా పనికిరాదు. మార్పు నెమ్మదిగా జరగాలి, పాటలో ఒక చరణం నడిచేంతసేపు. ఉన్నట్టుండి మార్చితే లైటు మారిందనుకుంటారు, మనిషి మారాడనుకోరు.

పల్చటి జాలీ తెర గురించి కూడా చెబుతాను. దానిమీద రాతిగోడ బొమ్మ వేయించండి. ముందు నుంచి ఏటవాలుగా వెలుగు పడితే గోడ. ఆ వెలుగు తీసేసి వెనకున్న మనిషి మీద వేస్తే గోడ మాయం, అక్కడ మనిషి. రెండడుగుల జాగా చాలు. మీ వేదికకు లోతు లేదన్నారు కదా, ఇది మీకోసమే పుట్టింది. 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ చూపించిన అద్దపు భూతం గురించి ఎవరైనా ఊరిస్తే లొంగకండి. ఏటవాలుగా నిలబెట్టిన పెద్ద గాజుపలక, ప్రేక్షకులకు కనబడకుండా భూతం వేషధారి నిలబడే చోటు, రెండూ కావాలి. మీ హాలులో ఆ చోటే లేదు.

ఆఖరిగా ఒక విన్నపం. గోతిక్ అనగానే లైట్లన్నీ ఆర్పేసి ముదురు నీలం వేసేస్తారు. కాంగో బ్లూ అనే ఫిల్టర్ ఉంది, చూడటానికి అద్భుతం, వెలుగు మాత్రం దాదాపు అంతా మింగేస్తుంది. పాడేవాళ్ల పెదవులు కనబడకపోతే పాటలో మాటలు కూడా సగం వినబడవు. వెనక నుంచి, పక్కల నుంచి నీలం ఎంతైనా వేసుకోండి, ముఖం మీద మాత్రం కాస్త వెచ్చటి వెలుగు ఉంచండి.

మూడోకట్టై

నీలికాంతి గారి ఆఖరి పేరాకు నమస్కారం. ఇక సంగీతం.

మీ అసలు ప్రశ్న నవ్వు గురించి కదా. నన్నడిగితే సంగీత నాటకంలో భయాన్ని చంపేది నవ్వు కన్నా ముందు చప్పట్లు. హత్య పాట అయిపోతుంది, స్వరం ఆధార షడ్జమం మీదికి వచ్చి ధన్‌మని ఆగుతుంది, జనం చప్పట్లు కొడతారు, హంతకుడు కత్తి పట్టుకుని చప్పట్లు ఆగేదాకా నిలబడతాడు. ఇంకెక్కడి భయం? అలాంటి చోట పాటను ముగించకండి. చివరి స్వరాన్ని గాలిలో వదిలేయండి. దాని కిందే వచ్చే రంగం సంగీతం మొదలైపోవాలి. చప్పట్లకు సందు దొరక్కపోతే ఆ బిగువు లోపలే ఉండిపోతుంది. 'స్వీనీ టాడ్' లో సుమారు 80 శాతం పాటో నేపథ్య సంగీతమో నడుస్తూనే ఉండటానికి ఇదొక కారణం. స్వరకర్త సోండ్‌హైమ్ అందులో మృతులకోసం పాడే ప్రాచీన లాటిన్ ప్రార్థన 'డీస్ ఈరే' స్వరాలను రకరకాలుగా మార్చి పొదిగాడు. వినేవాళ్లకు ఆ స్వరాలు ఏవో తెలియకపోయినా చావు వాసన తగులుతుంది. సొంతంగా కట్టుకునేవాళ్లు ఇది నేర్చుకోవాలి. నాలుగు స్వరాల ముక్క ఒకటి ఎంచుకోండి. దాన్ని జోలపాటలో పెట్టండి, పెళ్లి పాటలో పెట్టండి, చివరికి హత్యలో పెట్టండి.

నిశ్శబ్దం నుంచి హఠాత్తుగా పెద్ద శబ్దం చేసి ఉలిక్కిపడేట్టు చేయడం ఒక్కసారి పనిచేస్తుంది. 'స్వీనీ టాడ్' ఆరంభంలోనే ఫ్యాక్టరీ కూత చెవులు చిల్లులు పొడుస్తుంది, ఇక ఆ తర్వాత ఎప్పుడు కూస్తుందోనని ప్రేక్షకుడు కాచుకుని ఉంటాడు. ఆ కాచుకోవడమే మీకు కావాలి. పాట పాటకీ కూస్తే అలవాటు పడిపోతారు.

అయిదారుగురు వాద్యకారులు సరిపోతారు. కీబోర్డు మీద పైప్ ఆర్గన్ శబ్దం పెట్టి మురిసిపోకండి, చిన్న స్పీకర్లలో అది బొంగురుపోయిన హార్మోనియంలా ఉంటుంది. ఒక సెల్లో, ఒక క్లారినెట్, ఒక తాళవాద్యం సంపాదించండి. సెల్లోకు మనిషి గొంతుకు దగ్గరగా ఉండే పలుకు ఉంది. క్లారినెట్ కింది స్థాయిలో ఒక్కటే వినబడితే గదిలో ఎవరో ఉన్నట్టుంటుంది.

జెకిల్ పాత్రకు శ్రుతి చూసుకోండి. బ్రాడ్‌వేలో 1997లో వచ్చిన నాటకంలో ఆ పాత్రధారి దాదాపు నాటకమంతా పాడతాడు, చివర్లో జెకిల్, హైడ్ ఇద్దరూ తానే అయి ఒకే పాటలో పోట్లాడుకుంటాడు. పై స్థాయిలో ఒకసారి పాడగలిగినవాడు కాదు, వరసగా మూడు రాత్రులు పాడగలిగినవాడు కావాలి. ఆడిషన్‌లో ఆ పాట పాడించి వెంటనే ఎంపిక చేయకండి. అరగంట సంభాషణలు చెప్పించి, అరిపించి, అప్పుడు పాడించండి.

తెరచాటు

చప్పట్ల సంగతి నాకు తట్టనే లేదు! మా పాత నాటికల్లో చప్పట్లు వస్తే ఆగాలని నేనే అందరికీ నూరిపోశాను.

బృందంతో మాట్లాడాను. జెకిల్ కథనే సొంతంగా రాసుకోవాలనే మొగ్గు కనిపిస్తోంది. ముసుగు మనిషి పాత్ర ఒకటి కూడా కలపాలని కొందరి పట్టు. ఆహార్యం, నెత్తురు సంగతులు ఎవరైనా చెబుతారా?

సూదీదారం

పిలిచినట్టే వచ్చాను.

ముసుగు పెడితే పై సగానికో, ఒక పక్కకో మాత్రమే పెట్టండి. నోరు, దవడ కదలాలి. పూర్తి ముసుగులో పాడితే మాట ముసుగులోనే ఉండిపోతుంది, మైకు పెడితే ఊపిరి తుపానులా వినిపిస్తుంది. మైకు నుదుటి మీద జుట్టు అంచున పెట్టడం పద్ధతి. ముసుగు అంచు సరిగ్గా అక్కడే రాసుకుంటుంది కనుక ముసుగు కొలతలు తీసేరోజే మైకు మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.

నెత్తురు రెండు రకాలు చేసుకోవాలి. నోట్లోకి వెళ్లేది చక్కెర పాకం, తినే రంగుతో మాత్రమే. బట్టల మీద పడేది వేరు, దాంట్లో కాస్త ద్రవ సబ్బు కలిపితే ఉతుకులో పోతుంది. రెండింటి సీసాలకూ వేరు వేరు మూతలు, పెద్ద అక్షరాలతో పేర్లు. ముందుగా ప్రతి గుడ్డ ముక్క మీదా మరక వేసి, ఆరనిచ్చి, చన్నీళ్లతో ఉతికి చూడండి. ప్రదర్శన మరునాడే మళ్లీ ఉంటుంది, తెల్ల చొక్కా గులాబీ రంగులో వస్తే నవ్వులే. పాకం నేల మీద పడితే కాలు జారుతుంది, మైకులోకి దిగితే మైకు పోతుంది. కత్తి మొండిది కావాలి, పదును పోగొట్టింది కాదు, మొదటినుంచీ పదును లేనిది.

దుస్తుల్లో అన్నిటికన్నా ఉపయోగపడేది పెద్ద కాలరు ఉండి, భుజాల మీంచి కిందిదాకా వేలాడే నల్లటి అంగీ. 1924లో హామిల్టన్ డీన్ 'డ్రాక్యులా' ను నాటకంగా వేసినప్పుడు ఆ నిలువు కాలరు అవసరం కోసం వచ్చింది. నటుడు ప్రేక్షకులకు వీపు పెట్టి నిలబడితే తల కనబడదు, అంగీని ఇద్దరు పట్టుకుని ఉండగా లోపలి మనిషి నేల తలుపులోంచి జారుకుంటాడు. చేతిలో ఖాళీ అంగీ మిగులుతుంది. మీకు నేల తలుపు లేదు. అయినా వింగ్ పక్కనే ఒక ఎత్తైన కుర్చీ వేసి, దాని వెనక నుంచి మనిషి పాక్కుంటూ పోతే అదే పని అవుతుంది. మా వాళ్లతో చేయించాను, మోకాళ్లకు మెత్తలు కట్టుకోవాలి.

పొడుగు గౌన్లు వేసుకునేవాళ్లకు మొదటి రిహార్సల్ నుంచే ఏదో ఒక పాత పొడుగు లంగా కట్టించండి. మెట్లు దిగుతూ పాడటం ఆఖరి వారంలో నేర్చుకునే విద్య కాదు.

మెట్లదారి

ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాయలేదు. ముసుగు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నేను పాడతాను, నటిస్తాను. నా చెంప మీద పెద్ద కాలిన మచ్చ ఉంది.

ముసుగు తీసే ఘట్టం ఇలాంటి నాటకాల్లో ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ముసుగు ఊడుతుంది, సంగీతం అరుస్తుంది, నాయిక కెవ్వుమంటుంది, జనం ఉలిక్కిపడతారు. ఉలిక్కిపడటానికి కారణం వాడు చేసిన హత్యలు కావు, వాడి చర్మం. మేకప్ బాగుందని మెచ్చుకునేటప్పుడు పక్క సీట్లో ఎవరున్నారో చూసుకోరు. ఆ పాత్ర అవసరమేనా అని మీ రచయితను ఒకసారి అడగండి.

చిత్తుప్రతి

మెట్లదారి గారూ, ఇది పట్టించుకోవాల్సిన మాటే. ఆ ముఖాన్ని ప్రేక్షకులకు చూపించకుండా, అవతలి పాత్ర ముఖం మాత్రమే చూపిస్తే ఎలా ఉంటుంది? పైన చెప్పిన ప్రయోగశాల తలుపు పద్ధతే.

మెట్లదారి

అది ఇంకా ఘోరం. చూపించడానికి కూడా వీల్లేనంత భయంకరమైన ముఖం అని చెప్పినట్టవుతుంది. దాచితే భయం పెరుగుతుందని మీరే అన్నారు కదా. హత్యను దాచండి, ప్రయోగశాలను దాచండి. ముఖాన్ని దాచకండి. ముసుగు తీస్తే అక్కడ మామూలు ముఖం ఉండనివ్వండి, ఇన్ని ఘోరాలు చేసినవాడు చూడటానికి మనలాగే ఉన్నాడని జనం జడుసుకుంటారు.

ముందువరుస

ఈ చర్చావేదికలో చాలాకాలంగా ఉన్నాను, ఎవరితోనైనా సగం మాత్రమే ఏకీభవించడం నా అలవాటు. ఇది మొత్తంగా ఒప్పుకుంటున్నాను. ప్రేక్షకుడిగా నాకు అదే ఎక్కువ భయం.

నవ్వు ప్రశ్నకు ఇంకా ఎవరూ నేరుగా జవాబివ్వలేదు కనుక అదీ చెబుతాను. భయపెట్టే నాటకానికి వచ్చినవాడు నవ్వడానికి సిద్ధపడే వస్తాడు, గుండె బిగపట్టుకుని ఉండలేక ఎక్కడో వదిలేయాలి. మీరు చోటు ఇవ్వకపోతే తనకు తోచిన చోట నవ్వుతాడు. అది సరిగ్గా శవం లేచే చోటే అవుతుంది. కాబట్టి నవ్వు మీరే పెట్టండి, మీకు కావలసిన చోట. 'స్వీనీ టాడ్' లో మొదటి అంకం ముగిసేది హాస్యగీతంతో. మనుషుల మాంసంతో తినుబండారాలు చేద్దామని ఇద్దరు కూర్చుని జోకులు వేసుకుంటారు. హాలంతా నవ్వుతుంది, విరామంలో బయటికి వెళ్లాక తాము దేనికి నవ్వామో తలుచుకుంటారు. మీ నాటకంలో నౌకరు పాత్రకో, ఇంటి యజమానురాలికో ఆ పని అప్పగించండి. అది పెట్టాక మిగతావాళ్లెవరూ కన్ను గీటకూడదు. హైడ్ పాత్రధారి తాను గోతిక్ నాటకంలో ఉన్నానని తెలిసినట్టు నటించాడంటే అయిపోయింది. వికటాట్టహాసం ఒక్కసారి కూడా వద్దు.

మూడోకట్టై

వికటాట్టహాసం నిషేధానికి నా ఓటు కూడా.

ప్రాంప్టరు

రంగాల మార్పిడి గురించి ఎవరూ అనలేదు. నవ్వు పుట్టే అసలు చోటు అదే. లైట్లు ఆర్పుతారు, చీకట్లో బల్ల ఈడ్చిన చప్పుడు, ఎవరిదో 'అబ్బా' అన్న మూలుగు, లైటు వెలిగేసరికి శవపేటిక పక్కన నిక్కరు వేసుకున్న కుర్రాడు. చీకటి చేయకండి. బృందగానం చేసేవాళ్లే నౌకర్లలాగో, శవవాహకుల్లాగో పాడుతూ అందరూ చూస్తుండగా సామాను మార్చాలి. ఎవరు ఏ కాలు పట్టుకోవాలో కూడా పాటతో పాటే నేర్పించండి. తప్పనిసరిగా చీకటి కావాల్సిన చోట మెట్ల అంచులకు, వేదిక అంచుకు మెరిసే టేపు అంటించండి. వింగ్‌లో నీలి దీపం ఒకటి వెలుగుతూ ఉండాలి.

పొగ సంగతి గట్టిగా చెప్పాలి. పొగ యంత్రం వాడితే హాలులో పొగ పసిగట్టే అలారాలు ఎలాంటివో యాజమాన్యాన్ని అడగండి. కంటిలాంటి సెన్సారు ఉన్న రకం అయితే రంగస్థలం పొగకు కూడా మోగుతుంది. ఎవరికీ చెప్పకుండా అలారానికి కవరు తొడిగే మహానుభావులుంటారు, వాళ్లను పొగ యంత్రం దరిదాపులకు రానివ్వకండి. అలారం తాత్కాలికంగా ఆపాలంటే యాజమాన్యం చేతుల మీదుగా, రాతపూర్వకంగా జరగాలి, నిప్పు చూసుకోవడానికి ఒక మనిషి ప్రత్యేకంగా ఉండాలి.

నేల మీద పాకే పొగ కోసం డ్రై ఐస్ అడుగుతారని తెలుసు. దాని ఉష్ణోగ్రత మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్, ఉత్త చేతులతో ముట్టుకుంటే చర్మం కాలినట్టు అవుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం మీ గుంటలో ఉంది. ఆ పొగతో వచ్చేది కార్బన్ డయాక్సైడ్, గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. వేదిక అంచు దాటి అందంగా జారి కిందికి దిగుతుంది. కింద కూర్చున్నది సెల్లో, క్లారినెట్. నడుములోతు గుంటలో కూర్చున్న మనిషి ముక్కు సరిగ్గా ఆ పొగలో ఉంటుంది. తల తిరగడం, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం, అన్నీ జరగవచ్చు.

మెరుపులకు వాడే స్ట్రోబ్ లైటు సెకనుకు నాలుగు మెరుపులకు మించకూడదు, ఎక్కువసేపు వేయకూడదు. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లకు ప్రమాదం. టిక్కెట్టు ఇచ్చే చోటే బోర్డు పెట్టండి. కొవ్వొత్తులు బ్యాటరీవి. పొడుగు అంగీలు, జాలీ తెరలు, నిజం మంటలు ఒకే వేదిక మీద ఉండకూడదు.

తెరచాటు

డ్రై ఐస్ ఆలోచన కొట్టేశాను. సెల్లో వాయించే ఆయన మాకు దొరకడమే గగనం.

నిర్ణయాలు చెబుతాను. జెకిల్ కథ, మా సొంత పాటలు. ముసుగు పాత్ర తీసేశాం. మెట్లదారి గారు రాసింది మా రచయిత చదివారు. ముసుగు వేసుకున్నది హైడ్ కాదు, ఊళ్లో పెద్దమనుషులు అనే పాట ఒకటి ఆయన మొదలుపెట్టారు. ఎలా తేలుతుందో చూడాలి. ఎర్రగీతల మార్పు ఒక్కటే మా కళ్లు చెదిరే ఘట్టం. మిగిలిన హత్యలు, ప్రయోగాలు అన్నీ తలుపు వెనక.

ఆ తలుపు ఎక్కడ పెట్టాలనే దగ్గర ఆగిపోయాం. ఎడమపక్క గోడ వైపు పెడితే చూడటానికి బాగుంది, ప్రేక్షకుల్లో అందరికీ కనబడుతుంది. కానీ వెనక జాగా లేదు. కుడివైపు పెడితే వింగ్‌లోకి తెరుచుకుంటుంది, అక్కడే సామాను, అక్కడే బట్టలు మార్చుకునేవాళ్లు.

నీలికాంతి

కుడివైపే. తలుపు వెనక దీపానికి కనీసం అయిదారు అడుగుల దూరం కావాలి, లేకపోతే నీడలు పొడుగు సాగవు. కిందనుంచి పైకి వేయండి. తలుపుకీ నేలకీ మధ్య రెండు వేళ్ల సందు వదలండి. లోపల ఎవరో నడిచినప్పుడు ఆ సందులో వెలుగు తెగి మళ్లీ కలుస్తుంది, అంతకన్నా ఏమీ చేయక్కర్లేదు. బట్టలు మార్చుకునేవాళ్లను ఎడమ గోడ దగ్గర నల్లతెర కట్టి అక్కడికి పంపండి.

సూదీదారం

నల్లతెర వెనక అద్దం, కొక్కేలు, కుర్చీ కావాలి. గోడకు రెండడుగులు వదిలి కట్టించండి, అంతకు తక్కువైతే గౌను వేసుకున్న మనిషి తిరగలేదు.

ప్రాంప్టరు

తలుపు వేదిక వైపు కాకుండా వింగ్ వైపు తెరుచుకునేట్టు బిగించండి. లేకపోతే తెరిచినప్పుడల్లా రెక్క మీ నౌకరును ప్రేక్షకుల కంట పడకుండా కమ్మేస్తుంది. వింగ్‌లో రెక్క తిరిగే మేర నేల మీద టేపు వేయండి, ఆ గీత లోపల ఏ సామానూ పెట్టకూడదు. గొళ్లెం నిజమైనదే పెట్టండి, చప్పుడు కోసం. కానీ రెండు వైపుల నుంచీ తీయగలిగేట్టు ఉండాలి. చౌకట్టును వెనక నుంచి ఇసుక బస్తాలతో బిగించండి. రోజూ ఎవరో ఒకరు దాన్ని ధడాలున వేస్తారు, గోడంతా ఊగితే రాతి కోట అట్టముక్క అని తెలిసిపోతుంది. సెట్టు పూర్తయ్యేదాకా ఆగకండి. వచ్చే రిహార్సల్‌కే ఏదో ఒక తలుపు తెచ్చి నిలబెట్టండి, పాతదైనా సరే.